నాన్నగారి పాత మారుతి 800 ఉంచాలా, ఇచ్చేయాలా? మా ఇంటి కార్ల అనుభవంతో నా జవాబు

మీరు అడిగింది ఇదీ. నాన్నగారి 1997 మోడల్ మారుతి 800 ఊళ్లో పశువుల పాక పక్కన ఆరేళ్లుగా కదలకుండా ఉంది. అన్నయ్యగారు తుక్కుకు ఇచ్చేద్దామంటున్నారు. మీకు మనసు రావడం లేదు. నాన్నగారేమో "మీ ఇష్టంరా" అని ఊరుకుంటున్నారు. ఇళ్లలో పాత కార్లున్నవాళ్లు ఏం చేశారో, మీరేం చేస్తే బాగుంటుందో చెప్పమన్నారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో చాలా కాలం స్పేర్ పార్టుల కొట్టు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను సాయంత్రం పూట వెళ్లి కాసేపు కూర్చుని వస్తాను. పాత బండి గురించి "దీన్నేం చేయమంటారు?" అని అడిగేవాళ్లు ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. ఆ కారును వారానికి ఒకసారైనా రోడ్డెక్కించే మనిషి మీ ఇంట్లో ఉంటే ఉంచండి. ఆ మనిషి ఎవరో మీరు పేరు పెట్టి చెప్పలేకపోతే, నడుపుకునేవాళ్లకు ఇచ్చేయండి. తుక్కు మాట ఆ తర్వాత. నాన్నగారి మీద ప్రేమ ఉందా లేదా అన్న లెక్క ఇందులోకి తేకండి. ఎంత ప్రేమ ఉన్నా పాక పక్కన నిలబెట్టేసిన బండికి తుప్పు పట్టక మానదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మా ఇంటికి కార్లు వచ్చిందీ, ఇంట్లోంచి పోయిందీ స్టీరింగ్ ముందు ఎవరు కూర్చున్నారన్న దాన్ని బట్టే.

మొదటిది అంబాసిడర్ మార్క్ 2. మాది పాలకొల్లు దగ్గర పల్లె. మా నాన్నగారు ధాన్యం వ్యాపారం చేసేవారు. 70ల్లో తణుకులో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అప్పట్లో కొత్త కారంటే చేతిలో డబ్బున్నంత మాత్రాన వచ్చేది కాదు, బుక్ చేసి ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఎంచుకోవడానికి కూడా పెద్దగా ఏమీ లేవు. అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారయ్యే స్టాండర్డ్, అంతే. అంబాసిడర్ అసలు ఇంగ్లండు వాళ్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు కలకత్తా పక్కన ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014 మే దాకా తయారుచేస్తూనే వచ్చారు. మా బండిలో ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. పరుగు తక్కువ, ఓపిక ఎక్కువ.

ఇప్పటి కుర్రాళ్లను అందులో కూర్చోబెడితే ఏది ఎక్కడుందో వెతుక్కుంటారు. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటుంది. ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే పరుపు కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు పెద్దవాళ్లు, వాళ్ల ఒళ్లో మేమూ. హెడ్‌లైటు డిమ్ చేసే స్విచ్ కింద క్లచ్ పక్కన ఉండేది, ఎడమ కాలితో నొక్కాలి. బ్యాటరీ దిగిపోయి సెల్ఫ్ అందుకోకపోతే ముందు బంపర్ దగ్గరున్న రంధ్రంలో హ్యాండిల్ దూర్చి తిప్పాలి.

మా నాన్నగారికి డ్రైవింగ్ రాదు, నేర్చుకుంటానని కూడా ఎప్పుడూ అనలేదు. బండి నడిపింది మా డ్రైవరు బాబాయి. చుట్టం కాదు గానీ మేమంతా బాబాయి అనే పిలిచేవాళ్లం. హ్యాండిల్ తిప్పడం నాకు ఆయనే నేర్పాడు. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ తిప్పి బిగించి పట్టుకోకూడదు, మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచాలి. కింది నుంచి పైకి లాగాలే గానీ పైనుంచి కిందికి తొయ్యకూడదు. ఇంజను అందుకునేటప్పుడు ఒక్కోసారి వెనక్కి తంతుంది. అప్పుడు వేళ్లు వాటంతటవే జారి విడిపోవాలి. బొటనవేలు అవతలి వైపున్నవాడికి మణికట్టు విరుగుతుంది. కారు గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

మే నెల ఎండల్లో ఇంకో తంతు ఉండేది. పెట్రోలు పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి అది కాగిపోయి, పెట్రోలు పైపులోనే ఆవిరై, బండి దారి మధ్యలో ఆగిపోయేది. ఆ కాలపు కార్లలో చాలావాటికి ఉన్న గుణమే. బాబాయి ఏమాత్రం కంగారు పడేవాడు కాదు. బానెట్ ఎత్తి, తువ్వాలు కాలవలో తడిపి తెచ్చి పంపు మీద చుట్టి, దూరంగా చెట్టు కిందికి పోయి బీడీ ముట్టించేవాడు. బీడీ అయ్యాక వచ్చి సెల్ఫ్ కొడితే బండి అందుకునేది. లోపల కూర్చున్న ఆడవాళ్లు విసనకర్రలతో విసురుకుంటూ ఆయన్ని తిట్టుకునేవాళ్లు.

అంతర్వేది తీర్థానికి వెళ్లాలంటే నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు (బండ్లను ఎక్కించుకునే పెద్ద పడవ) ఎక్కాలి. అవతల సఖినేటిపల్లి. పంటు ఎక్కించే ముందు మమ్మల్నందర్నీ దింపేసేవాళ్లు. ఒడ్డు నుంచి పంటు మీదికి రెండు బల్లలు వేసేవాళ్లు, చక్రాలు సరిగ్గా వాటి మీదే పోవాలి. ముందు ఒక మనిషి వెనక్కి నడుస్తూ రెండు చేతులతో సైగ చేస్తుంటే బాబాయి మొదటి గేరులో, క్లచ్ సగం మీద, అంగుళం అంగుళం ఎక్కించేవాడు. చక్రాలు పంటు మీదికి రాగానే అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టేవాళ్లు. అప్పటిదాకా మా నానమ్మ కళ్లు తెరిచేది కాదు. తిరుమల ఘాట్ రోడ్డు దీనితో పోలిస్తే హాయి. డిక్కీలో నీళ్ల డబ్బా ఉంటే చాలు, మధ్యలో ఒకచోట ఆగి రేడియేటర్ చల్లారనిచ్చి నీళ్లు పోసుకుని వెళ్లడమే.

బాబాయికి చూపు తగ్గింది. రాత్రిపూట ఎదుటి లైట్లు పడితే రోడ్డు కనబడడం లేదని ఆయనే వచ్చి చెప్పాడు. కొత్త డ్రైవర్ని పెట్టి చూశారు నాన్నగారు. ఆ అబ్బాయి గేరు మార్చినప్పుడల్లా కిర్రుమనేది, నాన్నగారి మొహం చిట్లేది. ఆ సంవత్సరమే బండిని పెళ్లిళ్లకు బాడుగకు తిప్పే ఆయనకు అమ్మేశారు. చాలామంది "అయ్యో, లక్ష్మిలాంటి బండి" అన్నారు. నాన్నగారు మాత్రం "నడిపేవాడు లేనప్పుడు దాన్ని చూస్తూ కూర్చోమంటారా?" అన్నారు. అది ఆ తర్వాత చాలా ఏళ్లు పూలదండలు వేసుకుని మా మండలంలో పెళ్లికొడుకుల్ని మోసింది. పాకలో పడి ఉంటే ఆ వైభోగం దక్కేది కాదు.

రెండోది పెద్దన్నయ్య కొన్న ప్రీమియర్ పద్మిని. మా వైపు ఎవరూ పద్మిని అనేవాళ్లు కాదు, అందరికీ అది ఫియట్టే. ఫియట్ 1100 డిలైట్‌ని బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు పేరు మార్చి తయారుచేశారు. ఇంజను 1089 సీసీ. అంబాసిడర్ కన్నా చిన్నది, తేలిక, సొంతంగా నడుపుకునేవాళ్ల కారు. కుర్ర డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు ఎక్కువగా దాన్నే కొనేవాళ్లు. "అబ్బాయికి ఫియట్ ఉంది" అంటే సంబంధాల మార్కెట్లో ఆ లెక్కే వేరు. అన్నయ్య బదిలీ మీద ఒరిస్సా వెళ్తూ అక్కడికే పట్టుకుపోయాడు కాబట్టి దాని గురించి నా దగ్గర చెప్పడానికి ఎక్కువ లేదు. ఈ కార్ల ఉత్పత్తి 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ముంబైలో మాత్రం నలుపు పసుపు ట్యాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగాయి. ఏ కారైనా ట్యాక్సీ అయితేనే ఎక్కువ కాలం బతుకుతుందని మా ఆటోనగర్ మేస్త్రీలు అనేది అందుకే.

ఇక మారుతి. మీ ప్రశ్నకు దగ్గరది ఇదే.

మారుతి 800 మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. అప్పుడు ధర 47,500 రూపాయలు. మాది 87 మోడల్, ఎర్రది. 86లో ఆకారం మార్చి తెచ్చిన రకం. కొట్టు నిలదొక్కుకున్నాక నేను కొన్న మొదటి కారు. ఇంటికి తెచ్చిన రోజు మా నాన్నగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి వేసి, "అగ్గిపెట్టెలా ఉందిరా, గేదె కొమ్ము తగిలితే ఉంటుందా?" అన్నారు. డ్రైవరు బాబాయి ఒక్క రౌండు కొట్టి వచ్చి, స్టీరింగ్ ఇంత తేలిగ్గా తిరిగితే నిద్ర వస్తుందని తేల్చేశాడు. పాతకాలం వాళ్లకు బరువే భద్రత. 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు చక్రాలకు డ్రైవు అంటే వాళ్లకు అది కారులా అనిపించలేదు.

ఆ కారు నాది అనుకున్నాను గానీ, మా ఆవిడది అయిపోయింది. ఆవిడ స్కూల్లో టీచరు. బస్సులో వెళ్లి రావడం కష్టంగా ఉంది, నేర్పమంది. విజయవాడలో అప్పట్లో డ్రైవింగ్ నేర్చుకోవాలంటే పీడబ్ల్యూడీ గ్రౌండ్సే. ఇప్పుడు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబడి ఉన్న చోటు. పొద్దున్నే వాకింగ్‌కి వచ్చినవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు, ఊళ్లో ఆడవాళ్లు కారు నడపడం అంత అరుదు. అంబాసిడర్ స్టీరింగ్ అయితే ఆవిడ భుజాలు పట్టేసేవి. చిన్న కారు, తేలిక క్లచ్, దగ్గరగా ఉన్న సీటు కాబట్టే ధైర్యం వచ్చింది. మారుతి గురించి ఎన్నో చెబుతారు గానీ, నన్నడిగితే దాని అసలు గొప్పతనం ఇది. డ్రైవర్ని పెట్టుకోలేని ఇళ్లకు, అంతకు మించి ఆడవాళ్లకు, స్టీరింగ్ అందించింది. మా వీధిలో ఆవిడను చూసి నేర్చుకున్నవాళ్లున్నారు.

ఆ తర్వాత వచ్చినవి రెండు. ఒక డీజిల్ ఇండికా, పిల్లలు పెద్దవాళ్లయ్యాక కాళ్లు చాపుకోవడానికి చోటుందని కొన్నది. హైదరాబాదు రాకపోకలకు బాగా ఉపయోగపడింది. అమ్మాయి చదువు అయ్యాక దాన్ని ట్రావెల్స్‌కు ఇచ్చేశాం, ఎవరికీ బెంగ లేదు. ఇప్పుడు అబ్బాయి ఏపీ 39 నంబరుతో ఆటోమేటిక్ కారు నడుపుతున్నాడు, దాని బానెట్ ఎత్తడానికి నాకు మనసు కూడా ఒప్పదు, అంతా ప్లాస్టిక్ మూతలే. ఎర్ర మారుతి మాత్రం మూడు ఇంగ్లీషు అక్షరాల పాత నంబరు ప్లేటుతో ఇంకా మా షెడ్డులోనే ఉంది. ఎందుకంటే ఆవిడ రిటైరయ్యాక కూడా ఆదివారం రైతు బజారుకు దాన్నే తీస్తుంది. ఆవిడ మానేసిన రోజున నేనూ అమ్మేస్తాను. ఈ మాట ఆవిడకూ తెలుసు, అందుకే మానడం లేదేమో.

సరే, మీ బండి దగ్గరికి వద్దాం.

ముందు కారు లోపలి నేల, అంటే అడుగు రేకు, చూడండి. కాళ్ల కింద మ్యాట్లు, వాటి కింద ఫెల్టు తీసేసి, స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. డ్రైవరు కాళ్ల దగ్గర, బ్యాటరీ ట్రే కింద, తలుపుల అడుగున, వెనక చక్రాల పైన. రేకు చిల్లు పడితే ఫరవాలేదు, రేకు అతికే టింకరింగ్ పనితో పోతుంది. కానీ జాకీ వేసే చోటు, ముందు సస్పెన్షన్ బోల్టులు బిగించే చోటు మెత్తబడిపోయి ఉంటే ఆశ వదులుకోండి. ఇంజను ఎంత బాగున్నా ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకూడదు. పశువుల పాక పక్కన అన్నారు కాబట్టే గట్టిగా చెబుతున్నాను. ఆ చెమ్మకూ, మూత్రపు ఘాటుకూ రేకు తొందరగా తింటుంది.

నేల బాగుంటే అప్పుడు ఇంజను. దయచేసి కొత్త బ్యాటరీ పెట్టి నేరుగా సెల్ఫ్ కొట్టకండి. అందరూ చేసేది అదే, పిస్టన్ రింగులు గీసుకుపోయేదీ అక్కడే. మూడు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఇంజనాయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు స్పానర్‌తో క్రాంక్ పుల్లీ బోల్టు పట్టుకుని చేత్తో మెల్లగా తిప్పించండి. తేలిగ్గా తిరిగిందా, సగం గెలిచినట్టే. బిగుసుకుని ఉంటే బలవంతం చేయకుండా మళ్లీ ఆయిల్ వేసి ఇంకో రెండు రోజులు ఆగండి.

ట్యాంకులో ఉన్నది ఇప్పుడు పెట్రోలు కాదు, జిగురు. ట్యాంకు దింపి కడిగించండి, లోపల తుప్పు పొరలుగా రాలుతుంటే మార్పించండి. తర్వాత పెట్రోలు వెళ్లే రబ్బరు పైపులన్నీ మార్చాలి. పాతవి పైకి బాగానే కనబడతాయి, నమ్మొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 97 నాటి రబ్బరు దాని కోసం చేసింది కాదు, మెత్తబడి చీలిపోతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఇథనాల్‌కు తట్టుకునే పైపులు అని అడిగి మరీ తీసుకోండి. కార్బొరేటర్ సర్వీసు కిట్టు, పంపు డయాఫ్రమ్ కూడా అదే రోజు వేయించేయండి. ఇథనాల్‌కు నీటిని పీల్చే గుణం ఉంది కాబట్టి ఆ పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంచకూడదు. వారానికోసారి నడపాలని నేను మొదట్లో అన్నదానికి ఇదీ ఒక కారణం.

ఇంజనాయిల్, ఫిల్టర్, కూలెంట్ ఎలాగూ మార్చాలి. టైమింగ్ బెల్టు తప్పక మార్చండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నది అనవసరం, రబ్బరుకు వయసే లెక్క. బ్రేకులు బిగుసుకుపోయి ఉంటాయి, నాలుగు చక్రాలవీ విప్పించి ఫ్లూయిడ్ మొత్తం మార్చండి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి, 2317 అని ఉంటే 2017లో 23వ వారంలో తయారైందని అర్థం. అరగకపోయినా అంత పాత టైర్లతో హైవే ఎక్కకండి. ఎలుకలు వైర్లు కొరికి ఉంటాయి, అది ఎలక్ట్రీషియన్ చూసుకుంటాడు. ఇకముందు ఎక్కువ రోజులు నిలపాల్సి వస్తే హ్యాండ్ బ్రేకు లాగి వదలకండి. చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, గేరులో ఉంచండి. లేకపోతే బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి.

మారుతి 800 సామాను గురించి టెన్షన్ అక్కర్లేదు. కంపెనీ 2014 జనవరిలో ఉత్పత్తి ఆపింది గానీ, తిరిగే బండ్లు ఇంకా ఉన్నాయి. ఆటోనగర్‌లో దొరకని పార్టు అంటూ దాదాపు లేదు. పాత అంబాసిడర్ వాళ్లు పడే పాట్లు మీకు ఉండవు.

అసలు ఖర్చు కాగితాల దగ్గర వస్తుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యూవల్. మీది 2012లో, 2017లో చేయించి ఉంటే 2022లో గడువు తీరి ఉంటుంది. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారుకు రెన్యూవల్ ఫీజు 5,000 చేశారు. మాది అప్పుడే చేయించాం. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు. పైగా గడువు దాటిన ప్రతి నెలకూ 500 చొప్పున అదనం, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ విడిగా. అందుకని మెకానిక్ దగ్గరికి వెళ్లకముందే ఆర్సీ తీసి తేదీ చూసుకుని, ఆర్టీవో ఆఫీసులో మొత్తం ఎంతవుతుందో లెక్క వేయించుకోండి. అన్నయ్యగారితో వాదించాల్సింది ఆ కాగితం చేతిలో పెట్టుకుని. 15 ఏళ్లు దాటితే పెట్రోలు కారు తిరగకూడదని ఎవరో అన్నారని రాశారు కదా, ఆ ఆంక్షలు ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానివి. మన రెండు రాష్ట్రాల్లో ఫిట్‌నెస్ పాసై, రెన్యూవల్ ఉంటే తిప్పుకోవచ్చు. వింటేజ్ కింద పెడదామన్న ఆలోచన మాత్రం కుదరదు, దానికి 50 ఏళ్లు నిండాలి.

అమ్మేటట్టయితే ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఊరుకోకండి. పేరు మారిందాకా వెంటపడండి. పేరు మారకుండా ఆ బండి ఏ ప్రమాదంలో పడినా నోటీసు నాన్నగారికే వస్తుంది. తుక్కుకే అయితే ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలోనే ఇచ్చి సర్టిఫికెట్ తీసుకోండి. వీధిలో పాత ఇనుము కొనేవాడికి ఇస్తే బండి పోతుంది, ఆర్సీ మాత్రం నాన్నగారి పేరు మీదే బతికి ఉంటుంది.

నాన్నగారి మౌనం గురించి ఒక్క మాట. "ఉంచమంటారా, అమ్మమంటారా?" అని అడిగితే ఆ తరం మనిషి "మీ ఇష్టం" అనే అంటారు. మీకు భారం కాకూడదని. అలా కాకుండా, "నాన్నా, మీరు మళ్లీ నడుపుతారా?" అని అడిగి చూడండి. కంటి పరీక్ష చేయించి, లైసెన్సు రెన్యూవల్ గడువు చూసి, ఊళ్లో గుడి దాకా, చెరువుగట్టు దాకా నడుపుతానంటే ఆ రెన్యూవల్ ఫీజు కట్టడానికి వెనకాడొద్దు. నడపనంటే మీరు నడుపుతారా? మీరు ఉండేది బెంగళూరులో అని రాశారు. పండక్కి మాత్రమే ఊరొచ్చే మనిషి కోసం కారును ఏడాదంతా బతికించడం కుదిరే పని కాదు. మీ మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడని, అక్కడే ఉంటాడని కూడా రాశారు. అతనికి డ్రైవింగ్ నేర్పించడానికి అంతకన్నా మంచి బండి దొరకదు, నా ఓటు అతనికే.

ముందు మ్యాట్లు లేపి నేల ఫోటోలు తీయండి, ముఖ్యంగా ముందు సస్పెన్షన్ బోల్టుల దగ్గర, జాకీ పాయింట్ల దగ్గర. ఇక్కడ పెడితే చూసి చెబుతాను.